అంకె పొంగింది... రాకెట్టు కూలింది!

మనిషి లెక్క తప్పొచ్చు కానీ కంప్యూటరు తప్పదని అందరి నమ్మకం. నిజమే... కాకపోతే ఓ షరతుంది. లెక్కగట్టిన అంకె, దాన్ని దాచడానికి ఇచ్చిన డబ్బాలో పట్టాలి. పట్టకపోతే ఆరో తరగతి పిల్లలు కూడా చేయని తప్పు చేస్తుంది కంప్యూటరు. ఆ తప్పు వల్లే ఓ రాకెట్టు గాల్లో ముక్కలైంది. క్రిస్మస్ పూట వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. 2038లో రాబోయే ఓ మంగళవారం ఉదయం కోసం ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు ఇప్పట్నుంచే జాగ్రత్తపడుతున్నారు. ఇంతకీ ఆ డబ్బా ఏమిటి? దాని కొలత ఎవరు నిర్ణయించారు?

బస్తా ఎంత బరువు?

బస్తా అంటే ఎన్ని కిలోలు? రైతునడిగితే 75 అంటాడు. ఆయన లెక్క వడ్ల బస్తాది. తాపీమేస్త్రి 50 అంటాడు. ఆయన చూసేది సిమెంటు బస్తా. బియ్యం కొట్టాయన 25 అంటాడు. ముగ్గురూ నిజమే చెప్పారు. కానీ 'వంద బస్తాలు పంపుతున్నాం, చోటు చూసి ఉంచండి' అని ఎవరైనా ఫోను చేస్తే మాత్రం చిక్కే. బియ్యం బస్తాలనుకుని చిన్న వ్యాను మాట్లాడుకుంటే, వచ్చేవి వడ్ల బస్తాలైతే ఏం కావాలి?

కంప్యూటరు భాషల్లో పెద్దన్నలాంటి 'సీ'లో అచ్చం ఇలాంటి మాట ఒకటుంది. దాని పేరు 'ఇంట్'. ఇంటిజర్... అంటే పూర్ణాంకం అనే మాటకు పొట్టిపేరు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలు రాసే మొట్టమొదటి ప్రోగ్రాముల్లోనే ఇది కనిపిస్తుంది. 'ఓ పూర్ణాంకం దాచుకోవడానికి డబ్బా ఇవ్వు' అని కంప్యూటరును అడగడమన్నమాట. కంప్యూటరు ఇస్తుంది. కానీ ఎంత డబ్బా? ఆ మాటలో కొలత లేదు. ఒక యంత్రం చిన్న డబ్బా ఇస్తుంది, మరో యంత్రం పెద్దది ఇస్తుంది. పేరు మాత్రం రెండింటికీ ఒకటే!

మైనస్ ర్యాంకు!

కంప్యూటరు జ్ఞాపకమంతా సున్నాలూ ఒకట్లే. ఒక్కో సున్నా లేదా ఒకటి పట్టే చోటును బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. బిట్లు ఎన్ని ఉంటే అంత పెద్ద అంకె పడుతుంది. 16 బిట్లుంటే 65,536 రకాల అంకెలు రాయొచ్చు. అందులో సగం మైనస్ అంకెలకు పోతాయి. మిగిలేది మైనస్ 32,768 నుంచి ప్లస్ 32,767 వరకు. 32 బిట్లుంటే ఈ గరిష్ఠం ఒక్కసారిగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647కు పెరుగుతుంది. 64 బిట్లయితే 92 వేల కోట్ల కోట్లు కూడా దాటిపోతుంది.

మరి డబ్బా నిండాక ఇంకొకటి కలిపితే? పాత స్కూటరు మీటరును గుర్తుచేసుకోండి. 99,999 కిలోమీటర్లు తిరిగాక ఇంకొక్క కిలోమీటరు నడిపితే మళ్లీ 00,000కు వచ్చేస్తుంది. బండి కొత్తదైపోలేదు. మీటరులో ఆరో గడి లేదు, అంతే! కంప్యూటరు డబ్బాలో జరిగేదీ దాదాపు ఇదే. మైనస్‌లకూ చోటున్న డబ్బా కాబట్టి మామూలుగా సున్నాకు బదులు అట్టడుగున ఉన్న మైనస్ అంకెకు దూకుతుంది. 32,767కు ఒకటి కలిపితే మైనస్ 32,768!

ఇంజినీరింగ్ ఎంట్రన్సులో ఓ అమ్మాయికి 45,000 ర్యాంకు వచ్చిందనుకుందాం. ఆ అంకెను 16 బిట్ల డబ్బాలో వేస్తే, తిరిగి తీసినప్పుడు కనిపించేది మైనస్ 20,536. ర్యాంకులు చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసగా పేర్చమంటే... మొదటి ర్యాంకరు కంటే ముందు ఈ అమ్మాయి పేరే వస్తుంది! ఇంటిల్లిపాదీ నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ అన్నిచోట్లా నవ్వుకునే వీలుండదు.

నలభై సెకన్ల ప్రయాణం

1996 జూన్ 4. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో కూరూ అంతరిక్ష కేంద్రం. ఐరోపా దేశాలు ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన ఏరియన్-5 రాకెట్టు తొలిసారి నింగికెగిరింది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని అధ్యయనం చేసేందుకు తయారైన 'క్లస్టర్' ఉపగ్రహాలు నాలుగు అందులో ఉన్నాయి. బయల్దేరి నలభై సెకన్లు గడిచాయో లేదో... రాకెట్టు ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. గాలి ఒత్తిడికి విరిగి, తనను తాను పేల్చేసుకుంది. అప్పటికి అది చేరిన ఎత్తు సుమారు 3,700 మీటర్లు.

ఇంధనంలో లోపమా? ఇంజినులోనా? ఫ్రాన్సుకు చెందిన గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ జరిగింది. తేలిందేమిటంటే... అంకె డబ్బాలో పట్టలేదు!

రాకెట్టు ఎటు వంగుతోంది, ఎంత వేగంతో కదులుతోంది అని కనిపెట్టే కంప్యూటరు అందులో ఉంటుంది. దాని సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా రాయలేదు. అంతకుముందు విజయవంతంగా పనిచేసిన ఏరియన్-4 నుంచి తెచ్చి పెట్టారు. రాకెట్టు పక్కవైపు వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చాలి. ఏరియన్-4 దారిలో ఆ విలువ ఎప్పుడూ 32,767 దాటేది కాదు. ఏరియన్-5 అంతకంటే బలమైనది. మొదటి సెకన్లలోనే పక్కకు ఎక్కువ వేగంతో కదిలింది. అంకె హద్దు దాటింది. కంప్యూటరు 'ఇది నా వల్ల కాదు' అని ఆగిపోయింది. అవసరానికి పనికొస్తుందని పెట్టిన రెండో కంప్యూటరులోనూ అదే సాఫ్ట్‌వేర్... అది అంతకు కొన్ని క్షణాల ముందే అదే కారణంతో ఆగిపోయి ఉంది! ఆగిపోతూ పంపిన లోపాల సమాచారాన్ని రాకెట్టు ప్రధాన కంప్యూటరు నిజమైన దిశ వివరాలనుకుంది. లేని వంకరను సరిచేయబోయి రాకెట్టును నిజంగానే వంచేసింది.

ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే... పొంగిపోయే ప్రమాదమున్న ఏడు విలువలను ఇంజినీర్లు ముందే గుర్తించారు. వాటిలో నాలుగింటికే రక్షణ పెట్టారు. మిగిలిన మూడూ హద్దు దాటవనుకుని వదిలేశారు. ఆ మూడింటిలో ఒకటి దాటింది. పైగా ఆ లెక్క చేసే భాగంతో, రాకెట్టు నేల విడిచాక ఏరియన్-5కు పనే లేదు!

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది సీలో కాదు, 'ఎడా' అనే భాషలో. భాష ఏదైనా పాఠం మాత్రం ఒకటే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. అది నడిచే యంత్రం మారింది. పాత ఇంట్లో సరిగ్గా సరిపోయిన బీరువా కొత్తింటి గుమ్మంలో పట్టనట్టు... ఒకచోట ఒప్పయిన లెక్క మరోచోట తప్పయింది.

కొలత ఎందుకు చెప్పలేదు?

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు, సీ భాషను తయారుచేసినవాళ్లు 'ఇంట్' ఎంతుండాలో ఖాయంగా ఎందుకు చెప్పలేదు? మర్చిపోయారా? కానే కాదు. కావాలనే వదిలేశారు. దాని వెనకో కథ ఉంది.

అమెరికాలోని న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల. 1970ల మొదట్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడ యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేస్తున్నారు. అంతకుముందు థాంప్సన్ 'బి' అనే భాషను రూపొందించాడు. అందులో డబ్బాల గొడవే లేదు. ఉన్నదంతా ఒకే రకం డబ్బా. యంత్రం సైజు ఎంతైతే దాని సైజు అంత. తర్వాత పీడీపీ-11 అనే 16 బిట్ల యంత్రం వచ్చింది. అక్షరాలను ఒక్కో బైటులో విడివిడిగా దాచుకునే వీలు దానిలో ఉంది. దాంతో అక్షరానికో డబ్బా, అంకెకో డబ్బా అని రకాలు పెట్టాల్సి వచ్చింది. అలా 'బి' భాష కొత్త రూపం దాల్చి 1972 నాటికి 'సీ' అయింది. 1973లో యూనిక్స్‌ను సీ భాషలోనే తిరగరాశారు.

ఆ రోజుల్లో ఏ కంపెనీ యంత్రం ఆ కంపెనీదే. ఒకదానికీ మరోదానికీ పొంతన ఉండేది కాదు. 1978లో బ్రయాన్ కెర్నిహన్‌తో కలిసి రిచీ రాసిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' పుస్తకంలో చిన్న పట్టిక ఉంటుంది. పీడీపీ-11లో ఇంట్ 16 బిట్లు. ఐబీఎం 370లో 32. ఇంటర్‌డేటా 8/32లోనూ 32. హనీవెల్ 6000లో ఏకంగా 36! అక్షరం కూడా హనీవెల్‌లో 8 బిట్లు కాదు, 9 బిట్లు!

ఇలాంటి లోకంలో 'ఇంట్ అంటే కచ్చితంగా ఇన్ని బిట్లే' అని శాసిస్తే ఏమవుతుంది? 16 బిట్ల యంత్రం 32 బిట్ల కూడికను ఒక్క దెబ్బలో చేయలేదు. ముందు కింది సగం కూడి, మిగిలినదాన్ని పై సగానికి మోసుకెళ్లి మళ్లీ కూడాలి. ఒక పనికి రెండు పనులు. 36 బిట్ల యంత్రంలోనైతే 32 బిట్ల లెక్క చేయాలంటే మరో తంటా. అందుకే రిచీ బృందం ఆ సంగతి యంత్రానికే వదిలేసింది. 'నీకు ఏ కొలత సులువో అదే ఇంట్' అంది. ఎవరింటి పొయ్యికి తగ్గ గిన్నె వాళ్లు పెట్టుకున్నట్టు! ఆ వెసులుబాటే సీని ఊరూరా తిప్పింది. 1970ల చివర్లో 16 బిట్ల పీడీపీ-11 మీద నడుస్తున్న యూనిక్స్‌ను 32 బిట్ల ఇంటర్‌డేటా యంత్రాల మీదికి తీసుకెళ్లారు. ఒక యంత్రం కోసం రాసిన వ్యవస్థ, దాని పోలికే లేని మరో యంత్రం మీద నడవడం ఆనాటికి చాలా గొప్ప విషయం.

1989లో సీకి అధికారిక ప్రమాణం వచ్చినప్పుడూ కొలత ఖాయం చేయలేదు. కనీసం ఎంత ఉండాలో మాత్రం చెప్పారు. ఇంట్ 16 బిట్లకు తగ్గకూడదు, 'లాంగ్' 32 బిట్లకు తగ్గకూడదు... అంతే. 'బస్తా అంటే కనీసం 25 కిలోలు, పైన మీ ఇష్టం' అన్నట్టు. 1990ల మధ్యలో వచ్చిన జావా మాత్రం ఈ దారి పట్టలేదు. ఏ యంత్రమైనా సరే, ఇంట్ అంటే 32 బిట్లేనని తేల్చేసింది.

ఎనిమిదో మెట్టు దగ్గర...

మన కాలేజీల్లో సీ నేర్చుకున్నవాళ్లకు ఈ డబ్బా సంగతి అనుభవమే. ఎన్నో ఏళ్లపాటు చాలా ల్యాబుల్లో పాఠాలన్నీ నీలిరంగు తెర మీద నడిచే 'టర్బో సీ'లోనే సాగాయి. 1987లో డాస్ కోసం వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. అందులో ఇంట్ 16 బిట్లు. 'ఇంట్ ఎంత?' అని వైవాలో అడిగితే 'రెండు బైట్లు' అని ఠక్కున చెప్పిన తరం మనది.

ఫాక్టోరియల్ లెక్క చేసే ప్రోగ్రాము అందరూ రాసేదే. 1 నుంచి ఆ అంకె వరకు వరసగా గుణించుకుంటూ పోవడం. ఏడు వరకు బాగానే వస్తుంది... 5,040. ఎనిమిది ఇస్తే 40,320 రావాలి. టర్బో సీలో వచ్చేది మైనస్ 25,216! అన్నీ ప్లస్ అంకెలే గుణిస్తే మైనస్ ఎక్కణ్నుంచి వచ్చింది? ప్రోగ్రాములో ఎక్కడో తప్పు రాశామేమోనని విద్యార్థి తల పట్టుకుంటాడు. తప్పు గుణకారంలో లేదు, డబ్బాలో ఉంది.

అదే ప్రోగ్రామును ఇప్పటి కంప్యూటరు మీద నడిపితే ఎనిమిదికి సరైన జవాబే వస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఇంట్ 32 బిట్లు. అయితే సమస్య తీరిపోయినట్టేనా? పన్నెండు వరకు తీరినట్టే. పదమూడు ఇస్తే 622 కోట్ల 70 లక్షల పైచిలుకు రావాల్సిన చోట 193 కోట్ల 20 లక్షల చిల్లర కనిపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. మైనస్ వస్తే 'ఏదో తేడాగా ఉందే' అని అనుమానమైనా వస్తుంది. ఇక్కడ జవాబు నిక్షేపంగా ప్లస్‌లోనే ఉంది. చూడ్డానికి నిజంలాగే ఉంది. కానీ తప్పు! 64 బిట్ల డబ్బా తీసుకుంటే ఇరవై వరకు నెట్టుకురావొచ్చు. ఇరవై ఒకటి దగ్గర అదీ పొంగిపోతుంది.

ఇక్కడో కిటుకు కూడా ఉంది. మైనస్‌లకు చోటులేని డబ్బా పొంగితే స్కూటరు మీటరులా సున్నాకు రావాలని సీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మైనస్‌లకూ చోటున్న మామూలు ఇంట్ పొంగితే మాత్రం ఫలానాదే జరగాలన్న రూలే లేదు. మన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్, 'ఇది ఎప్పటికీ పొంగదు' అనుకుని తనకు తోచిన కత్తిరింపులు చేసుకోవచ్చు. అందుకే ఒకే ప్రోగ్రాము ఒక కంపైలర్‌తో ఒకలా, మరోదానితో మరోలా నడిచిన సందర్భాలుంటాయి.

ఊరు మారితే కొలత మారుతుంది

అంకె పొంగడం ఒక్కటే కాదు, డబ్బా పెద్దదైనా తిప్పలే! పాత కంప్యూటరులో ఓ ప్రోగ్రాము విద్యార్థుల మార్కులను ఫైలులో దాచిందనుకుందాం. ఒక్కో మార్కుకు రెండు బైట్లు. మొదటి పిల్లాడికి 450, రెండో పిల్లాడికి 380. అదే ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో నడిపితే, ఇక్కడ ఇంట్ నాలుగు బైట్లు కదా... ఇద్దరి మార్కులనూ ఒకే అంకె అనుకుని కలిపి చదివేస్తుంది. మన ఇళ్లలో ఉండే మామూలు కంప్యూటర్లలో మొదటి పిల్లాడికొచ్చే మార్కులు... 2 కోట్ల 49 లక్షల 4 వేల 130!

32 బిట్ల నుంచి 64 బిట్ల కంప్యూటర్లకు మారేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మెమరీలో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే చిరునామాను కొందరు ప్రోగ్రామర్లు ఇంట్‌లో దాచుకునేవారు. అప్పట్లో రెండూ 32 బిట్లే కాబట్టి చెల్లింది. చిరునామా 64 బిట్లకు పెరిగింది, ఇంట్ మాత్రం 32 దగ్గరే ఉండిపోయింది. పది అంకెల సెల్ నంబరును ఎనిమిది గడులున్న ఫారంలో రాసినట్టయింది. ఫోను ఎవరికి వెళుతుందో ఆ దేవుడికే తెలియాలి!

'సరే, లాంగ్ వాడితే పోలా?' అనిపించొచ్చు. అక్కడా పేచీయే. 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు. 64 బిట్ల విండోస్‌లో మాత్రం 32 బిట్లే. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని విండోస్ దాన్ని అలాగే ఉంచింది. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు వ్యవస్థలూ వేసుకుంటే, ఒకే మాటకు ఒకే యంత్రంలో రెండు కొలతలు!

16 బిట్ల రోజులు పోయాయనుకోవడానికీ లేదు. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టుల కోసం పిల్లలు విరివిగా వాడే ఆర్డ్యునో ఊనో బోర్డుల్లో చాలావాటిలో ఇంట్ ఈ రోజుకీ 16 బిట్లే. మొక్కలకు నీళ్లు పోసే మోటారును నిమిషం తర్వాత ఆపమని, కాలాన్ని మిల్లీసెకన్లలో ఇంట్‌లో లెక్కబెట్టించారనుకోండి. అరవై వేలు లెక్కపెట్టాలి. కానీ 32 సెకన్లు దాటగానే డబ్బా నిండిపోతుంది. మోటారు ఆగదు, తొట్టి పొంగుతుంది. అదే ప్రోగ్రాము, ఇంట్ 32 బిట్లుండే మరో బోర్డు మీద శుభ్రంగా పనిచేస్తుంది.

పొంగిన డబ్బాలు... ఆగిన పనులు

49.7 రోజులు: విండోస్ 95, 98లలో ఓ లెక్క కంప్యూటరు వేసినప్పట్నుంచీ మిల్లీసెకన్లు లెక్కపెట్టేది. 32 బిట్ల డబ్బా నిండడానికి పట్టే సమయం 49 రోజుల 17 గంటలు. అన్నాళ్లు ఆపకుండా ఉంచితే కంప్యూటరు స్తంభించిపోయే లోపం ఉందని 1999లో బయటపడింది.

32,768 మార్పులు: 2004 డిసెంబరులో అమెరికాలో మంచు తుపాను. కామైర్ సంస్థ విమాన సిబ్బంది డ్యూటీలు అదేపనిగా మార్చాల్సి వచ్చింది. నెలకు ఇన్ని మార్పులే అన్న 16 బిట్ల హద్దు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉందని ఎవరికీ గుర్తులేదు. సరిగ్గా క్రిస్మస్ సమయంలో అది నిండింది. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి.

214 కోట్ల చూపులు: కొరియా గాయకుడు సై పాడిన 'గంగ్నమ్ స్టైల్' వీడియోను చూసినవారి లెక్క 2014 డిసెంబరుకు 32 బిట్ల హద్దును దాటింది. యూట్యూబ్ ఇంజినీర్లు అంతకుముందే మేలుకుని లెక్కను 64 బిట్లకు మార్చడంతో ఆ కథ సరదాగా ముగిసింది.

248 రోజులు: బోయింగ్ 787 విమానానికి విద్యుత్తును అదుపుచేసే పరికరాలు 248 రోజులు ఏకధాటిగా నడిస్తే, సాఫ్ట్‌వేర్‌లోని ఓ లెక్క పొంగి కరెంటు సరఫరా ఆగిపోవచ్చని అమెరికా విమానయాన అధికారులు 2015లో హెచ్చరించారు. ఆలోపే ఓసారి ఆపి మళ్లీ వేయమన్నారు. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కబెడితే 32 బిట్ల ఇంట్ నిండేది సుమారుగా అన్నాళ్లకే!

2038... ఓ మంగళవారం

ఇవన్నీ ఒక ఎత్తు. ముందున్నది ఒక ఎత్తు.

యూనిక్స్, దాని బాటలో నడిచిన వ్యవస్థలు కాలాన్ని సెకన్లలో లెక్కబెడతాయి. 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీన్విచ్ కాలమానం ప్రకారం సున్నా. అక్కణ్నుంచి సెకనుకొకటి కలుపుకుంటూ పోవడమే. చాలా యంత్రాల్లో ఈ లెక్కకు 32 బిట్ల డబ్బా ఇచ్చారు. అది నిండేది 2038 జనవరి 19న. మన గడియారాల్లో ఆ మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఆ తర్వాతి సెకనులో, సరిచేయని యంత్రం వెనక్కి దూకి గ్రీన్విచ్ లెక్కలో 1901 డిసెంబరు 13 అనుకుంటుంది!

ఇది వినగానే 'వైటూకే' గుర్తొస్తుంది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000ను 1900 అనుకుంటాయన్న భయం అది. వాటిని సరిచేసే పని కోసం 1990ల చివర్లో హైదరాబాదు నుంచి ఎంతోమంది తెలుగు కుర్రాళ్లు అమెరికా విమానం ఎక్కారు. తీరా 2000 జనవరి 1న పెద్దగా ఏమీ కాకపోయేసరికి 'ఉత్త హడావుడి' అన్నారు చాలామంది. ఏమీ కాకపోవడానికి కారణం ముందే కూర్చుని సరిచేయడమేనని మాత్రం తక్కువమందే గుర్తించారు.

2038 విషయంలోనూ ఆ పని నడుస్తోంది. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లవే కాబట్టి వాటికి బెంగలేదు. 32 బిట్ల యంత్రాలు కూడా 2038 దాటేందుకు వీలుగా లైనక్స్‌లో 2020లో మార్పులు పూర్తిచేశారు. డెబియన్ అనే లైనక్స్ రకం 2025లో వచ్చిన 13వ విడతలో, ఒక్క పాతరకం మినహా తన 32 బిట్ల రూపాలన్నింటిలోనూ కాలం లెక్కను 64 బిట్లకు పెంచింది. 64 బిట్ల డబ్బా నిండాలంటే 29 వేల కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు!

అసలు బెంగ గోడలకూ యంత్రాలకూ బిగించి మర్చిపోయిన చిన్న కంప్యూటర్ల గురించి. ఫోను మూణ్నాలుగేళ్లకు మారుస్తాం. ఫ్యాక్టరీలో వాల్వును తిప్పే పెట్టెను ఇరవై ఏళ్లయినా మార్చం. పైగా తేదీ రాకముందే సమస్య రావొచ్చు. 2018 జనవరి తర్వాత ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకున్నవారి చివరి కిస్తీ 2038 గీతకు అవతలే ఉంటుంది. భవిష్యత్తు తేదీలు లెక్కగట్టే ఏ ప్రోగ్రాముకైనా ఆ మంగళవారం ఎప్పుడో మొదలైపోయింది.

కొలత చెప్పి అడగాలి

మరి విరుగుడు? చాలా సులువు. కొట్టుకెళ్లి 'బస్తా ఇవ్వండి' అనడం మానేసి '25 కిలోల బస్తా ఇవ్వండి' అనడమే. 1999లో వచ్చిన సీ ప్రమాణం ఇందుకోసమే కొత్త పేర్లు తెచ్చింది. 'ఇంట్32_టి' అంటే కచ్చితంగా 32 బిట్లు. 'ఇంట్64_టి' అంటే 64. యంత్రం ఏదైనా ఆ మాటకు అర్థం మారదు. కనీసం ఇంత ఉంటే చాలు, వేగంగా నడవాలి అనుకుంటే దానికి వేరే పేర్లున్నాయి. ఫైలులో దాచే అంకెలు, ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పంపే అంకెలు, కాలం, డబ్బు... వీటికి కొలత చెప్పిన పేర్లే వాడాలన్నది అనుభవజ్ఞులు చెప్పే మాట. పదిసార్లు తిరిగే చిన్న లెక్కకు మామూలు ఇంట్ చాలు.

ఎంత పెద్ద డబ్బా తీసుకున్నా హద్దంటూ ఒకటి ఉంటుందని మర్చిపోకూడదు. చదరంగం గళ్లలో గింజల కథ తెలిసిందే కదా! మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఆపైన నాలుగు... ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపమంటే రాజుగారి ఖజానా చాల్లేదు. మైనస్‌లు లేని 64 బిట్ల డబ్బాలో పట్టే అతిపెద్ద అంకె కచ్చితంగా ఆ గింజల మొత్తమే. అంతకు మరొక్క గింజ కలిపితే... మళ్లీ సున్నా!

డెనిస్ రిచీ 2011లో కన్నుమూశారు. పీడీపీ-11 యంత్రాలు ఇప్పుడు మ్యూజియాల్లో కనిపిస్తాయి. ఆ యంత్రం కోసం పుట్టిన భాష మాత్రం లైనక్స్‌లో, దాని మీద నడిచే మన సెల్‌ఫోన్లలో ఇంకా పనిచేస్తూనే ఉంది. యంత్రాలు పోతాయి, వాటి కోసం రాసిన ప్రోగ్రాములు మిగులుతాయి... రాసినవాళ్లు ఊహించని చోట, ఊహించని అంకెలతో నడుస్తుంటాయి. ఈ ఏడాది ఏదో ఒక కాలేజీ ల్యాబులో మొదటిసారి 'ఇంట్' అని టైపు చేసే విద్యార్థి రాసింది కూడా ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడో నడుస్తూ ఉండొచ్చు. ఆ మాట రాసేముందు ఒక్క క్షణం ఆగి 'ఇందులో ఎంత పడుతుంది?' అని అడిగితే చాలు.